తాళం మీద పేరు

మా అసిరయ్య బావ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నేనూ నవ్వాను. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మూడో కంటికి తెలియకూడదని కొందరు కలిసి ఇంటర్నెట్‌లో ఒక దారి కట్టుకున్నారు. ఆ దారిలో తన పేరు, ఫోన్ నంబరు, బారిడీహ్‌లో తన ఇంటి నంబరు, ఆటో ఏ మలుపు దగ్గర దిగాలో కూడా రాసిపెట్టుకున్న మనిషి మా బావ. దాక్కునే దారికి నేమ్ ప్లేటు కొట్టినట్టు. ఇంత అమాయకుడు ఉంటాడా అని పడీపడీ నవ్వాను. ఆ నవ్వుకి నాకు శాస్తి ఎలా జరిగిందో చెబుతాను.

ముందు నేనెవరో చెప్పాలి కదా. నా పేరు బాలాజీ. సాక్చిలో కోర్టు బయట రేకుల షెడ్డు కింద నా బల్ల ఉంది. ఒకప్పుడు టైపు మిషను, ఇప్పుడు కంప్యూటరు, ప్రింటరు. అర్జీలు, అఫిడవిట్లు, నోటీసులకు జవాబులు కొడతాను. ముప్ఫై ఏళ్ళలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు కొట్టిన వాక్యం ఒకటుంది: "ఈ విషయమై నాకు ఎటువంటి సమాచారమూ లేదు." హిందీలోనైనా ఇంగ్లీషులోనైనా కళ్ళు మూసుకుని కొట్టేస్తాను. మా షెడ్డులో మిగతా టైపిస్టులు కాగితం అడుగున చిన్న అక్షరాలతో తమ పేరు వేసుకుంటారు. నేను ఎన్నడూ వేయలేదు. ఎవరి కాగితం ఎక్కడికి పోయి ఏ తంటా తెస్తుందో ఎవరికి తెలుసు? కొట్టినవాడి పని కొట్టడం వరకే.

బావ అంటే సొంత బావ కాదు. మా నాన్న, దాలమ్మ వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో, హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊరికి వచ్చి దిగారు. అలా దాలమ్మ నాకు అక్క అయింది, ఆమె మొగుడు బావ అయ్యాడు. ఆయనకు యాభై ఒకటి. ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేన్ల ఎలక్ట్రీషియను. ఈ ఊళ్ళో కాంట్రాక్టు మనిషికి ఫ్యాక్టరీ గేట్ పాసే ప్రాణం. ఏటా కొత్తగా రాయించుకోవాలి, ఏటా పోలీసు వెరిఫికేషను కావాలి. మీద కేసు ఉంటే పాసు రాదు. పాసు లేని ఎలక్ట్రీషియను గేటు బయట నిలబడి లోపలికి చూసే మామూలు మనిషి. మా అక్క దేవుడి పటాలు తుడిచిన గుడ్డతోనే ఆ పాసునీ తుడుస్తుంది.

బావకి ఒక అలవాటు ఉంది. ఆయన్ని మొదటి నుంచీ నడిపించింది ఆ అలవాటే. క్రేను రిపేరుకి ఎక్కేముందు కరెంటు స్విచ్చు కిందికి దించి, దానికి తన సొంత తాళం వేయాలి. తాళానికి ఒక కార్డు కట్టాలి. కార్డు మీద పేరు, ఏ పని, ఫోన్ నంబరు. అయిదుగురు ఎక్కితే అయిదు తాళాలు. ఎవరి తాళం వాళ్ళే తీయాలి, ఇంకొకడు ముట్టుకోకూడదు. ఇరవయ్యారేళ్ళుగా ఆయన ప్రాణం ఆ కార్డుల మీద నిలబడింది. అందుకని ఇంట్లో నీళ్ళ మోటారుకి కూడా కార్డు ఉంటుంది. ఫ్రిజ్జుకీ ఉంది. పెళ్ళిపందిట్లో సీరియల్ లైట్లు తానే వేస్తే అక్కడా ఒక కార్డు వేలాడుతుంది. ఏదైనా అయితే ఎవర్ని పిలవాలో తెలియాలి కదా అంటాడు.

ఇక ఈ ఇంటర్నెట్ గొడవలోకి ఎందుకు దిగాడంటే, అది హరికిరణ్ వల్ల. హరికిరణ్ బావతోపాటు పనిచేసే కుర్రాడు, చూపు చురుకు. అప్పట్లో వాళ్ళు వేరే కాంట్రాక్టరు దగ్గర ఉండేవారు. ఒక క్రేను తాడులో పోగులు తెగి ఉన్నాయని సలహాల పెట్టెలో చీటీ రాసి వేశాడు, పేరు లేకుండా. కాంట్రాక్టరు మనుషులు పాత సెలవు చీటీలన్నీ పక్కన పరుచుకుని చేతిరాత పోల్చి పట్టేశారు. ఆ నెలాఖరుకి అతని పాసు మళ్ళీ రాలేదు. వింతేమిటంటే తాడు కూడా మార్చారు. బావకి కడుపు మండింది అక్కడే. తాడు మార్చారు, మనిషినీ మార్చేశారు అని ఎన్నిసార్లు అన్నాడో.

ఆ మంట మీద ఉండగా ఫోన్లో ఏవో హిందీ వీడియోలు చూస్తూ టార్ అనే నెట్‌వర్కు సంగతి తెలుసుకున్నాడు. నాకు అర్థమైనట్టు చెబుతాను. మీరు పంపిన మాట తిన్నగా పోకుండా మూడు ఇళ్ళ మీదుగా పోతుంది. ప్రతి ఇంటికీ తన ముందు ఇల్లు, తన తర్వాత ఇల్లు మాత్రమే తెలుసు. మాట ఎక్కడ పుట్టింది, ఎక్కడికి చేరింది అన్న రెండూ ఒక్క ఇంటికి కూడా తెలియవు. ఈ ఇళ్ళన్నీ ఎవరివి? మామూలు మనుషులవి, ఊరికే నడుపుతారు. అది విన్న రోజు బావ చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఈ దారి అప్పుడే తెలిసి ఉంటే హరికిరణ్ పాసు నిలిచేదని ఆయన లెక్క. జుగ్సలాయిలో పాత సామాను కొట్లో ఒక చిన్న కంప్యూటరు పట్టాడు. ఇంటర్నెట్ కంపెనీ దగ్గర, తన కనెక్షనుని గుర్తుపట్టే, ఎప్పుడూ మారని నంబరు ఒకటి తీసుకున్నాడు. నేను ఇంట్లో ఇలాంటి పని పెడుతున్నాను అని వాళ్ళకి ఉత్తరం రాశాడు. కొట్టింది నేనే. వాళ్ళు ముద్ర వేసి ఒక నకలు తిరిగి ఇచ్చారు.

మూడు ఇళ్ళలో ఆఖరి ఇల్లు కష్టమైనది. చేరాల్సిన చోట కనబడేది ఆ ఇంటి ఇంటర్నెట్ నంబరే. ఎవడు ఏం చేసినా ముందు ఆ తలుపే కొడతారు. అందుకని ఎక్కువమంది ఆఖరి ఇల్లు పెట్టరు. బావ ఏరికోరి అదే పెట్టాడు. ఆ కంప్యూటరు బీరువా మీద కూర్చుంది, దానికి ఎర్రటి కార్డు ఒకటి వేలాడింది. అక్కడితో ఆగాడా? ఆ నెట్‌వర్కులో ప్రతి ఇంటికీ "ఎవరిని సంప్రదించాలి" అని ఒక వరస ఉంటుందట. ప్రపంచమంతా చూసే పట్టికలో అది కనబడుతుంది. నడిపేవాళ్ళు మామూలుగా ఏదో ఒక మెయిలు రాసి వదిలేస్తారు. బావ కార్డు మొత్తం ఎక్కించాడు. ఎక్కడో యూరప్ నుంచి ఒకాయన మెయిలు పెట్టి, అయ్యా ఇంటి అడ్రసు తీసేయండి, మీ క్షేమం కోసం చెబుతున్నాను అన్నాడు. తాళం నాది కాబట్టి పేరు నాది అని బావ జవాబు. అదీ నేనే కొట్టాను, నవ్వుతూ.

రెండేళ్ళు ఏమీ కాలేదు. ఈ ఏడు వానలు మొదలైన వారంలో కానిస్టేబులు వచ్చి నోటీసు ఇచ్చి వెళ్ళాడు. వేరే రాష్ట్రంలో ఒక స్కూలుకి బాంబు పెట్టామని మెయిలు వచ్చింది. బాంబు లేదు ఏమీ లేదు, కానీ పిల్లలు మూడు గంటలు ఎండలో మైదానంలో నిలబడ్డారు. మెయిలు వచ్చిన నంబరు బారిడీహ్‌లో బీరువా మీదున్న కంప్యూటరుది. మర్నాడు నాలుగింటికి ఠాణాకి వచ్చి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. సరిగ్గా ఆ వారమే బావ పాసు కాగితాలు వెరిఫికేషనుకి అదే ఠాణాకి వెళ్ళి ఉన్నాయి. నేరస్తుల వరసలో పేరు పడిందంటే పాసు పోయినట్టే.

అక్క ఫోన్ చేసిన అరగంటలో నేను వాళ్ళింట్లో ఉన్నాను. వస్తూ వస్తూ జవాబు కొట్టుకుని తెచ్చాను, నా గొప్ప వాక్యంతో సహా. మా వైఫైకి పాస్‌వర్డు లేదు, రోడ్డున పోయేవాడెవడో వాడుకున్నాడు, ఈ విషయమై నాకు ఎటువంటి సమాచారమూ లేదు. సంతకం పెట్టు బావా, రేపటికి తేలిపోతుంది అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

"నాకు తెల్దని ఎలగ రాత్తాను బాలాజీ? మిషను ఎట్టింది నానే గదా."

నాకు ఒళ్ళు మండింది. ఇది క్రేను కాదు, పోలీసులు అన్నాను. నిజం చెప్పి ఎవడు బాగుపడ్డాడో చూపించు, మా కోర్టుకి వచ్చి నిలబడు, తెలీదన్నవాళ్ళందరూ బిస్కట్లు తింటూ ఇంటికి పోతారు అన్నాను. పాసు పోతే ఇంట్లో ఏం చేస్తావని నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆయన తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నా కోపం ఎక్కువైంది దానికే. అక్కా, నువ్వైనా చెప్పు అని అటు తిరిగాను. ఆమె నా వైపే ఉందనుకున్నాను, ఎందుకంటే అంతవరకూ ఆమె కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

"రోడ్డు మీదోడు అని రాసినావు గదా తమ్మీ," అంది. "మా లైన్లో ఉన్నయి పన్నెండు కొంపలు. రేపు పోలీసులు వత్తే ఏ కొంపలో పిల్లడిని సూపిత్తావు?"

ముప్ఫై ఏళ్ళు ఆ వాక్యం కొట్టాను గానీ, నాకు తెలీదు అని రాసిన చోట మరొకడి తలుపు తడతారని ఎప్పుడూ తోచలేదు. నిజం చెబుతున్నాను, సిగ్గేసింది. కాగితం చింపేసి, బావ స్కూటరు మీదే ఇద్దరం భాలుబాసా పోయాం.

భాలుబాసాలో పద్మకుమారి ఉంటుంది. లాయరు, ఆవిడ పిటిషన్లు నా బల్ల మీదే తయారవుతాయి. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే తరం. అంతా విని, మొదట బావ వైపు, తర్వాత నా వైపు చూసి, అందరూ చూసే పట్టికలో ఇంటి అడ్రసు రాయడం నిజమేనా అని రెండుసార్లు అడిగింది. తర్వాత ఐటీ చట్టం పుస్తకం తీసింది. డెబ్భై తొమ్మిదో సెక్షను. ఇతరుల మాటను మోసుకుపోయేవాడు, ఆ మాటను తాను మొదలుపెట్టకపోతే, ఎవరికి చేరాలో తాను ఎంచకపోతే, లోపల ఏముందో తాను మార్చకపోతే, తగిన జాగ్రత్త తీసుకుని ఉంటే, ఆ మాటకి బాధ్యుడు కాడు.

బావ మొహం ఎలా వెలిగిందో చూడాలి. ఇరవయ్యారేళ్ళ తాళం నియమాన్ని ఎవరో చట్టం పుస్తకంలో అచ్చు వేసినట్టు అనిపించింది కాబోలు, ఆ పేజీ ఫోటో తీసుకున్నాడు. పద్మకుమారి మాత్రం చెయ్యెత్తి ఆపింది. ఇది పెద్ద పెద్ద కంపెనీలను ఉద్దేశించి రాసినది, ఒక ఎలక్ట్రీషియను బీరువా మీది డబ్బాకి వర్తిస్తుందని రాసిచ్చేవాడు ఎవడూ లేడు, వాదించుకోవాలి అంది. ఎవరెవరు వచ్చారో చిట్టా ఉంచలేదేమని అడుగుతారు, తగిన జాగ్రత్త అన్న మాట దగ్గర పట్టుకుంటారు అంది. వాళ్ళతో అబద్ధం ఒక్కటి దొర్లినా నేను మీ వెంట రాను అని కూడా చెప్పింది. అయినా బావ హుషారు తగ్గలేదు. దార్లో టీ తాగుతూ ఆ పేజీ ఫోటో నాకు మళ్ళీ తీసి చూపించాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డులో ముగ్గురం కూర్చున్నాం. పద్మకుమారి చెబుతుంటే నేను కొట్టాను. నా జీవితంలో మొదటిసారి అలాంటి వాక్యం కొట్టాను: "ఈ విషయమై నాకు తెలిసినదంతా ఈ కింద రాస్తున్నాను." ఆ కంప్యూటరు నాది. నేనే పెట్టాను. ఇందుకోసం పెట్టాను. దానిలోంచి ఏ మాట ఎవరిది పోయిందో నాకు తెలియదు, తెలుసుకునే వీలు లేకుండానే దాన్ని తయారు చేశారు. ఆ రోజున అది ఈ పనిలోనే ఉందని బహిరంగ పట్టికలో చూసుకోవచ్చు. ఇంటర్నెట్ కంపెనీకి రాసిన ఉత్తరం నకలు జతపరిచాను. ఆ పిల్లలు ఎండలో నిలబడినందుకు బాధపడుతున్నాను. ఈ ఆఖరి వాక్యం అక్కర్లేదని పద్మకుమారి అంది. ఉండాలని బావ అన్నాడు. ఉంచాం. అలవాటు ప్రకారం అడుగున నా పేరు వేయలేదు.

నాలుగింటికి ముగ్గురం ఠాణాకి వెళ్ళాం. ఇన్‌స్పెక్టర్ గౌరీశంకర్ కంగారు లేని మనిషి. జవాబు మొత్తం చదివాడు. తర్వాత మామూలుగా ఎవరూ ఒప్పుకోని సంగతి ఒప్పుకున్న మనిషిని చూసినట్టు బావని పైనుంచి కిందికి చూశాడు. ఇందులో నేరగాడు ఎవడో నువ్వు చెప్పలేవు, సాయం నీ డబ్బా చేసింది, మరి నిన్ను ఎందుకు వదలాలి అని హిందీలో అడిగాడు. పద్మకుమారి సెక్షను చెప్పింది. సెక్షన్లు కోర్టులో చూద్దాం అన్నాడాయన. ఆయన బల్ల మీద కట్టగట్టిన గేట్ పాసు కాగితాలు నాకు కనబడుతూనే ఉన్నాయి.

అప్పుడాయన కంప్యూటరు వైపు తిరిగి ఆ పట్టిక తెరిచాడు. నోటీసులోని నంబరు, తారీఖు కొట్టాడు. అవును, ఆ రోజు ఆ నంబరు టార్ ఆఖరి ఇల్లే అని వచ్చింది. అక్కడి నుంచి ఇంటి వివరాల్లోకి వెళ్ళాడు. ఒక్కసారి ముందుకు వంగాడు. బావ పేరు పైకి చదివాడు. ఎలక్ట్రీషియన్ అని చదివాడు. బారిడీహ్ ఆటో మలుపు కూడా చదివాడు. తర్వాత ఏమనుకున్నాడో బల్ల మీది ఫోను ఎత్తి, తెర మీద కనబడిన ఫోన్ నంబరు అంకెలు ఒక్కొక్కటిగా నొక్కాడు.

బావ జేబులో ఫోను మోగింది.

బావ గబగబా ఫోను తీసి, ఎదురుగా ఉన్న మనిషే చేస్తున్నాడని తెలిసి కూడా, అలవాటు కొద్దీ ఎత్తాడు.

"అసిరయ్యని, సార్. సెప్పండి, ఏ మిషనుకి ఏటి ఒచ్చింది?"

గౌరీశంకర్‌కి ఆ తెలుగు అర్థమయి ఉండదు. కానీ మనిషి పెద్దగా నవ్వాడు. పక్క బల్ల కానిస్టేబుల్ని పిలిచి తెర చూపించాడు. బాంబు బెదిరింపు పంపేవాడు ఎవడైనా తన ఫోన్ నంబరు రాసిపెట్టుకుంటాడా అని వాడినే అడిగాడు. నాకు లోపల ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఏ కార్డుని చూసి రెండేళ్ళు నవ్వానో ఆ కార్డే నా కళ్ళ ముందు మా బావని నిలబెట్టింది.

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపి, చెప్పాల్సింది చెప్పాడు. ఇవాళ్టికి ఇతను సాక్షి. మిషను పరీక్షకి తీసుకుంటాం, రసీదు ఇస్తాం. వెరిఫికేషనులో కేసు లేదని రాస్తాను, ఎందుకంటే లేదు. రేపు ఇంకొక మెయిలు వస్తే మళ్ళీ పిలుస్తాను, అప్పుడు ఏమవుతుందో నేను మాట ఇవ్వలేను. బావ తలూపాడు. మా ముగ్గురి ముఖాల్లోకీ ఒక్కొక్కటిగా చూసి, ఇన్‌స్పెక్టరు ఆ జవాబు కాగితాన్ని తిరగేశాడు. అడుగున వేలు పెట్టాడు.

"టైప్ కిస్‌నే కియా?"

ఎవరు కొట్టారు అని అడుగుతున్నాడు. పద్మకుమారి నోరు తెరవబోయింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను, నన్ను ఎవరూ చూడటం లేదు. నాలో ముప్ఫై ఏళ్ళ భయం ఒక్కసారిగా లేచింది. నేను మొదలుపెట్టలేదు, ఎవరికి చేరాలో నేను ఎంచలేదు, లోపల ఏమీ మార్చలేదు, ఉట్టినే కొట్టాను. ఈ మాటలు నోటిదాకా వచ్చాయి. అప్పుడు తెలిసింది, ఇదే మాట చెప్పుకోవడానికి ముందు బావ తన పేరు చెప్పుకున్నాడని. నేను ఏ కాగితం మీదా చెప్పుకోలేదు.

"మైనే, సర్," అన్నాను. నేనే అని ఒప్పుకున్నాను.

పేరు రాయమని కాగితం నా వైపు తోశాడు. పెన్ను తీసుకుని రాశాను. కింద ఎందుకో ఫోన్ నంబరు కూడా వేశాను. ఆయన అడగలేదు. బావ నా వైపు చూసి మీసాల్లో నవ్వుకున్నాడు. తిరిగి వస్తుంటే స్కూటరు మీద వెనక కూర్చుని నేనే వాగుతూ వచ్చాను, ఇంటిదాకా నోరు మూయలేదు.

పదకొండో రోజున పాసు వచ్చింది. అక్క దాన్ని గుడ్డతో తుడిచి బావ మెడలో వేసింది. మూడు వారాలకి మిషను కూడా తిరిగొచ్చింది. పద్మకుమారి సలహా మీద, అక్క పట్టుబట్టడం మీద బావ ఆఖరి ఇల్లు మానేసి నడిమి ఇల్లు అయ్యాడు. నడిమి ఇంటి నంబరు బయటి చోట్ల కనబడదు, తలుపు కొట్టేవాళ్ళు తక్కువ. ఆఖరి ఇల్లు మానినందుకు ఒక పూట మొహం ముడుచుకున్నాడు. హరికిరణ్‌లాంటివాడికి నడిమి ఇల్లు కూడా కావాలి కదా అని నేనంటే ఒప్పుకున్నాడు.

పోలీసుల పరీక్షలో మిషను పాత కార్డు ఎక్కడో పోయింది. కొత్తది కొట్టమని మా షెడ్డుకి వచ్చాడు. పేరు, పని, ఫోన్ నంబరు, ఏ వేళైనా పిలవండి. ఎర్ర కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చాను. చదువుకుని, అడుగున వేలు పెట్టి నా వైపు చూశాడు.

"ఇదేటి బాలాజీ, ఇక్కడ ఇంకో పేరు ఉన్నాది?"

టైపు: బాలాజీ, సాక్చి కోర్టు షెడ్డు. పక్కన నా ఫోన్ నంబరు.

"కొట్టింది నేను కదా బావా," అన్నాను.